అబ్జర్వేషన్ హోమ్‌లో పిల్లవాడి జీవితం ఎలా ఉంటుంది? ఇంటివాళ్ళు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: మీ అక్క కొడుకుకి పదహారేళ్ళు. తనకంటే పెద్దవాళ్ళైన ఇద్దరు స్నేహితులతో కలిసి బైకు దొంగతనం కేసులో దొరికాడు. ఆ ఇద్దరూ జైలుకి వెళ్ళారు. వీడిని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరిచి, విచారణ నడిచేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌కి పంపారు. లోపల కొడతారా, కడుపునిండా పెడతారా, పెద్ద నేరాలు చేసినవాళ్ళతో కలిపి ఉంచుతారా, మధ్యలో ఆగిన చదువు సంగతేంటి, ఎన్నాళ్ళు ఉంచుతారు, పెద్దవాడిగా లెక్కకట్టి విచారిస్తారా, వేరే ఊళ్ళో ఉన్న నేను ఏం చేయగలను అని అడిగారు. మీ అక్కకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని కూడా రాశారు.

నేను ఇలాంటి హోమ్‌లలో చాలా ఏళ్ళు కౌన్సెలర్‌గా పనిచేశాను. ఆ తర్వాత బోర్డులో సోషల్ వర్కర్ సభ్యురాలిగా కూర్చున్నాను. చట్టంలో ఏం రాసుందో, తలుపుల లోపల ఏం జరుగుతుందో రెండూ చూశాను. రెండింటికీ మధ్య దూరం ఉంది. కొన్ని హోమ్‌లలో అది తక్కువ, కొన్నింటిలో చాలా ఎక్కువ. ఆ దూరం తగ్గేది బయటి మనుషులు మానకుండా వచ్చిపోతున్నప్పుడే అని నా గట్టి నమ్మకం. ఏ పిల్లవాడి కోసం ఇంటివాళ్ళు వచ్చి, పేరుపేరునా పలకరించి, ప్రశ్నలు అడిగి వెళ్తారో, వాడి మీద చెయ్యి వేయడానికి తోటి కుర్రాళ్ళయినా, స్టాఫ్ అయినా వెనకాడతారు. ఎవరూ రాని పిల్లవాడి సంగతి అందరికీ మొదటి వారంలోనే తెలిసిపోతుంది. మీరు చేయగలిగింది చాలానే ఉంది.

లోపలి సంగతులు చెప్పేముందు బెయిల్ మాట. ఎందుకంటే హోమ్ ఎంత బాగున్నా ఇల్లు ఇల్లే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లల విషయంలో బెయిలబుల్, నాన్‌బెయిలబుల్ అన్న తేడా లేదు. బెయిల్ ఇవ్వడమే పద్ధతి. కాదనాలంటే మూడే కారణాలు చూపించాలి: వదిలితే నేరస్థుల సావాసంలో పడతాడని, లేదా వాడికి నైతికంగానో శారీరకంగానో మానసికంగానో హాని జరుగుతుందని, లేదా విడుదల వల్ల న్యాయానికే భంగం కలుగుతుందని. ఆ కారణం బోర్డు రాతపూర్వకంగా నమోదు చేయాలి. నేరం పెద్దది అన్న ఒక్క మాట ఈ మూడింటిలో లేదు.

మీ కేసులో అడ్డం వచ్చేది మొదటిదే. 'పెద్దవాళ్ళతో తిరిగి పాడయ్యాడు, వదిలితే మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోతాడు' అని పోలీసులు చెబుతారు. దీనికి మీరే సమాధానం. మేనమామగా మీరు బోర్డు ముందు నిలబడి, 'బాబుని మా ఊరు తీసుకెళ్తాను, మా ఇంట్లో ఉంచుకుంటాను, ఫలానా కాలేజీలో చేరుస్తాను, ప్రతి వాయిదాకీ నేనే తీసుకొస్తాను' అని కాగితం మీద రాసి ఇవ్వండి. ఉత్త హామీ వేరు, ఇలాంటి ప్లాన్ వేరు. బోర్డులో ఉన్నప్పుడు మేము వెతికేది సరిగ్గా ఇదే. ప్రొబేషన్ ఆఫీసర్ మీ అక్క ఇంటికి వచ్చి సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టు, అంటే ఇంటి పరిస్థితుల మీద బోర్డుకి ఇచ్చే నివేదిక రాస్తారు, దానికి రెండు వారాల గడువు. ఆయన వచ్చినప్పుడు పరువు పోతుందని బావగారి తాగుడు, అప్పులు, బాబు కాలేజీ మానేసిన సంగతి లాంటివేమైనా ఉంటే దాచొద్దు. అన్నీ సవ్యంగా ఉన్నాయని రాయిస్తే, మరి పిల్లవాడు ఎందుకిలా చేశాడని బోర్డుకి అనుమానం వస్తుంది. కష్టం ఉందని, దానికి దారి చూశామని చెబితే నమ్ముతారు.

బెయిల్ వచ్చినా పూచీకత్తు కట్టలేక పిల్లవాడు లోపలే ఉండిపోయిన కేసులు ఎన్నో. వారం దాటినా షరతులు తీర్చలేకపోతే మళ్ళీ బోర్డు ముందుకి తెచ్చి షరతులు సడలించాలని చట్టమే చెబుతోంది. ఈ సంగతి చాలా కుటుంబాలకి తెలియదు. బెయిల్ తోసేస్తే 30 రోజుల్లో చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు. లాయరు కోసం అప్పు చేయకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తుంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇక లోపల.

చట్టం మూడు రకాల చోట్లు పెట్టింది. విచారణ నడుస్తున్న పిల్లలు అబ్జర్వేషన్ హోమ్‌లో, నేరం చేసినట్టు తేలి బోర్డు ఆదేశంతో ఉండేవాళ్ళు స్పెషల్ హోమ్‌లో, పదహారు దాటి ఘోరమైన నేరారోపణ ఉన్నవాళ్ళు, పద్దెనిమిది నిండినవాళ్ళు 'ప్లేస్ ఆఫ్ సేఫ్టీ' అనే వేరే చోట. పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పిల్లల్ని ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. పట్టుకున్న 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, బోర్డు ముందు హాజరుపరచాలి. మీ బాబుని స్టేషన్లో రెండు మూడు రోజులు ఉంచి ఆ తర్వాత అరెస్టు చూపించి ఉంటే ఆ విషయం బోర్డుకి చెప్పండి. వాడు స్టేషన్లో దెబ్బలు తిని ఉంటే హోమ్‌లో చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షలో అది నమోదై ఉండాలి. ఆ కాగితం చూపించమని మీ లాయరు చేత అడిగించండి.

అబ్జర్వేషన్ హోమ్ లోపల కూడా పిల్లల్ని వయసుని బట్టి విడిగా ఉంచాలి. నిబంధనల్లో 7 నుంచి 11, 12 నుంచి 16, 16 నుంచి 18 అని మూడు గుంపులు చెప్పారు. శరీర స్థితి, మానసిక స్థితి, నేరం తీవ్రత కూడా చూడాలి. అమలుకి వచ్చేసరికి రెండు డార్మిటరీలే ఉన్న హోమ్‌లో ఎన్ని గుంపులు చేయగలరు? బైకు తీసుకుపోయిన కుర్రాడు, పొడిచిన కేసులో వచ్చిన కుర్రాడు పక్కపక్క మంచాల మీద పడుకోవడం నేను చూశాను. మీకు వినడానికి భయంగా ఉంటుందని తెలుసు. కానీ పెద్ద కేసు మీద వచ్చిన పిల్లవాడే ప్రమాదం అనుకోకండి. హత్య కేసులో వచ్చి మూల కూర్చుని ఎవరి జోలికీ పోని పిల్లలు ఉంటారు. నాలుగోసారి చిన్న దొంగతనానికి వచ్చి, హోమ్‌లో పెత్తనమంతా తనదే అన్నట్టు నడిపించే సీనియర్లూ ఉంటారు. గమనించాల్సింది ఈ రెండో రకాన్ని.

ఈ చట్టం కింద కేంద్రం పెట్టిన 2016 మోడల్ రూల్స్‌లో కొలతలన్నీ ఉన్నాయి. డార్మిటరీలో ఒక్కో పిల్లవాడికి 40 చదరపు అడుగులు. అంటే ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. మంచం, పెట్టె పెట్టాక అటూ ఇటూ నడవడానికి కాస్త చోటు మిగులుతుంది, అంతే. ఏడుగురికి ఒక టాయిలెట్, పదిమందికి ఒక స్నానాల గది. యాభై మంది కోసం కట్టినచోట ఎనభై మందిని పెడితే ఈ లెక్కలు ఏమవుతాయో ఊహించుకోండి. తెల్లవారి ఆరింటికి బాత్రూముల ముందు నిలబడితే ఏ హోమ్ ఎలా నడుస్తుందో పది నిమిషాల్లో అర్థమైపోతుంది. నీళ్ళు సరిగా రాని రోజు బకెట్లు ఎవరు ముందు పట్టుకుంటారు, చిన్నవాళ్ళు ఆఖరున మిగిలిన నీళ్ళతో సరిపెట్టుకుంటున్నారా, గొళ్ళెం లేని తలుపులు ఎన్ని, పక్కన పెద్దవాళ్ళెవరైనా నిలబడి చూస్తున్నారా. ఇన్స్పెక్షన్‌కి వెళ్ళినప్పుడు నేను ఆఫీసు గదిలో రిజిస్టర్ల కంటే ముందు ఇదే చూసేదాన్ని.

తిండి సంగతి. రోజుకి నాలుగు పూటలు పెట్టాలి. డైట్ స్కేలు ప్రకారం ఒక్కో పిల్లవాడికి రోజుకి బియ్యం, గోధుమల్లాంటి ధాన్యం 600 గ్రాములు, పదహారు దాటినవాళ్ళకి 700 గ్రాములు, పప్పు 120 గ్రాములు, ఆకుకూరలు, కూరగాయలు, పాలో పెరుగో, గుడ్లు, వారానికోసారి చికెన్. కాగితం మీద చూస్తే చాలా ఇళ్ళలో కంటే మెరుగైన భోజనమే. అయితే పిల్లల సంరక్షణకి కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల ప్రకారం ఒక పిల్లవాడి పోషణకి ఇచ్చే గ్రాంటు నెలకి 3,000 రూపాయలు. రోజుకి వంద. రాష్ట్రం తన వైపు నుంచి ఇంకొంత కలపకపోతే ఆ వందలోనే తిండి, బట్టలు, సబ్బు, నూనె అన్నీ. అందుకని ముందు నీళ్ళయ్యేది పప్పు. కడుపు మాడ్చే హోమ్‌లు నా అనుభవంలో తక్కువ. అన్నం సరిపడా పెడతారు, కూరే పలచగా ఉంటుంది. ఎదిగే వయసులో ఉన్న కుర్రాళ్ళకి రాత్రి ఏడింటికి తిన్న అన్నం తెల్లారి టిఫిన్ దాకా నిలవదు. ఆకలి వల్ల జరిగే గొడవలు లోపల ఎన్నో. గుడ్డు రోజున చిన్నవాడి గుడ్డు పెద్దవాడి ప్లేటులోకి వెళ్ళిపోతుంది. వంట బాగున్నా వడ్డించేచోట స్టాఫ్ నిలబడకపోతే లాభం లేదు.

ఒంటి సంగతిలో నేను మిమ్మల్ని ప్రత్యేకంగా చూడమనేది గజ్జి. నవ్వులాటగా తీసుకోకండి. ఒకే దుప్పటి ఇద్దరు కప్పుకునేచోట, బట్టలు కలిపి ఉతికేచోట అది వారం పది రోజుల్లో డార్మిటరీ అంతా పాకుతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, తొడల మధ్య చిన్న చిన్న పొక్కులు. రాత్రిపూట దురద ఎక్కువ. నిద్ర ఉండదు, నిద్ర లేక చిరాకు, చిరాకుతో కొట్లాట. ఒక్కడికి మందు రాసి పంపిస్తే ఏమీ కాదు, పక్కవాడి నుంచి మళ్ళీ అంటుకుంటుంది. పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా, ఆ గదిలో అందరికీ ఒకే రాత్రి రాయించాలి, దురద ఉన్నా లేకపోయినా. తెల్లారి బట్టలు, దుప్పట్లు అన్నీ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. వారం తర్వాత మరోసారి రాయాలి. ఈ ఒక్క పని పట్టుబట్టి చేయించిన హోమ్‌లో ఆ నెల గొడవలు సగానికి సగం తగ్గడం కళ్ళారా చూశాను. మీ బాబు చేతులు చూడండి. పొక్కులు ఉంటే సూపరింటెండెంట్‌ గారితో మర్యాదగానే, 'అందరికీ ఒకేసారి మందు రాయిస్తారా సార్' అని అడగండి. వాడొక్కడికే ట్యూబు కొనిచ్చి వచ్చేస్తే ఉపయోగం లేదు.

మీ బాబుకి గంజాయి, వైట్‌నర్, గుట్కా లాంటి అలవాటు ఏదైనా ఉంటే మొదటి వారం చాలా కష్టంగా గడుస్తుంది. చెమటలు, వణుకు, నిద్రలేమి, కోపం. స్టాఫ్‌కి తెలియకపోతే దాన్ని పొగరు అనుకుంటారు. అలవాటు ఉందని డాక్టరుకి, కౌన్సెలర్‌కి ముందే చెప్పండి. చెబితే కేసు బిగుసుకుంటుందని భయపడొద్దు, డీఅడిక్షన్‌కి పంపించే ఏర్పాటు చట్టంలోనే ఉంది.

ఇప్పుడు నేను అన్నింటికంటే ముఖ్యం అనుకునే సంగతికి వస్తాను: ఖాళీ సమయం. గోడల కంటే, తిండి కంటే పిల్లల్ని దెబ్బతీసేది అదే. నిబంధనల ప్రకారం పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా దినచర్య ఉండాలి, అది గోడ మీద అందరికీ కనబడేలా పెట్టాలి. వ్యాయామం, క్లాసులు, వృత్తి శిక్షణ, ఆటలు, కౌన్సెలింగ్. చార్టు ప్రతి హోమ్‌లోనూ ఉంటుంది. చార్టులో 'కంప్యూటర్ క్లాస్' అని ఉన్న సమయంలో టీవీ ముందు నలభై మంది కూర్చుని ఉండడం మామూలే. టీచరు పోస్టు ఖాళీ, కుట్టు మిషన్లు పాడైపోయి మూలన పడి ఉన్నాయి, క్యారమ్ బోర్డు ఒక్కటే. పదహారేళ్ళ కుర్రాడికి రోజంతా చేయడానికి పని లేకపోతే వాడు నేర్చుకునేది పక్కవాడు చెప్పేదే. తాళం ఎలా తీయాలి, ఏ స్టేషన్లో ఏమని చెప్పాలి, బయటికి వెళ్ళాక ఎవరిని కలవాలి. అదే సాయంత్రం రెండు గంటలు వాలీబాల్, పొద్దున రెండు గంటలు నిజంగా పాఠం చెప్పే మనిషి ఉన్న హోమ్‌లో వాతావరణమే వేరు. స్టాఫ్ అదే, గ్రాంటు అదే. ఒక ఎలక్ట్రీషియన్‌ వారానికి మూడు రోజులు వచ్చి వైరింగ్ నేర్పినచోట, ఆ క్లాసు మిస్సవుతుందని వాయిదాకి వెళ్ళడానికి విసుక్కున్న కుర్రాళ్ళున్నారు.

అందుకే సూపరింటెండెంట్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న 'మా బాబు పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఏం చేస్తాడండి?' అన్నదే. ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. దాన్ని ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్ అంటారు. మీ బాబుది రాశారా, అందులో ఏముంది అని అడగండి. అడిగే హక్కు ఇంటివాళ్ళకి ఉంది.

చదువు మధ్యలో ఆగిందని రాశారు. ఇంటర్ పుస్తకాలు తీసుకెళ్ళి ఇవ్వండి, చాలాచోట్ల అభ్యంతరం చెప్పరు. పరీక్షలు దగ్గర్లో ఉంటే హాల్ టికెట్ జతచేసి బోర్డుకి అర్జీ పెట్టండి. యూనిఫాం లేని ఎస్కార్టుతో పరీక్ష రాయించడానికి బోర్డులు అనుమతిస్తాయి. కాలేజీలో పేరు కొట్టేస్తే ఓపెన్ స్కూల్ దారి ఉంది.

రాత్రులు. మీ అక్క భయమంతా దీని గురించే అని అర్థమవుతోంది. భోజనాలయ్యాక, లెక్క చూసుకున్నాక డార్మిటరీకి తాళం పడుతుంది. తెల్లవారేదాకా పది గంటలు. ఆ పది గంటలూ ఒకే హౌస్ ఫాదర్ (పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి), ఒక వాచ్‌మన్ ఉన్న హోమ్‌లో ఏం జరిగినా తెల్లారేదాకా బయటికి రాదు. ఏడిపించడం, కాళ్ళు పట్టించుకోవడం, కొత్త బట్టలు లాక్కోవడం దగ్గర మొదలై కొట్టడం, లైంగిక వేధింపుల దాకా వెళ్ళేవి ఎక్కువగా ఈ గంటల్లోనే. అన్ని హోమ్‌లలో జరుగుతాయని కాదు, జరగకుండా చూసుకునే మనుషులూ ఉన్నారు. రాత్రంతా కుర్చీ డార్మిటరీ గుమ్మంలో వేసుకుని కూర్చున్న హౌస్ ఫాదర్‌ని నాకు తెలుసు. ఆయన డ్యూటీ ఉన్న రాత్రుళ్ళు చిన్నపిల్లలు ప్రశాంతంగా నిద్రపోయేవాళ్ళు. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు, వరండాలో సీసీ కెమెరాలు పనిచేస్తున్నాయా, రాత్రి బాత్రూముకి వెళ్ళాలంటే ఎలా అని అడగండి. జవాబు తడబడితే గుర్తుపెట్టుకోండి.

కొట్టడం గురించి దాచకుండా చెబుతాను. జరుగుతుంది. 'ఒక దెబ్బ వేస్తే గానీ వినరు మేడం' అనే మాట నేను స్టాఫ్ నోట ఎన్నోసార్లు విన్నాను, ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. హోమ్ స్టాఫ్ పిల్లవాడిని కొడితే సెక్షన్ 82 కింద మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్ళీ చేస్తే మూడు నెలల దాకా జైలు. ఉద్యోగం కూడా పోతుంది. అదే క్రూరంగా హింసించినట్టయితే సెక్షన్ 75 కింద ఐదేళ్ళ దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా. శిక్ష పేరుతో తిండి మానిపించడం, ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడం కూడా తప్పే. స్వేచ్ఛ కోల్పోయిన బాలల కోసం ఐక్యరాజ్యసమితి 1990లో పెట్టిన నియమాలు ఏకాంత నిర్బంధాన్ని పూర్తిగా నిషేధించాయి.

మీరు కలవడానికి వెళ్ళినప్పుడు వాడు 'బాగానే ఉన్నా మామా' అనే అంటాడు. పక్కన స్టాఫ్ ఉంటారు, ఇంకో కుర్రాడూ ఉండొచ్చు. మాట కంటే మనిషిని చూడండి. మీరు పోయినసారి ఇచ్చిన చొక్కా వాడి ఒంటి మీద ఉందా, వేరేవాడి ఒంటి మీద ఉందా? సబ్బు, బ్రష్ వాడి దగ్గరే ఉన్నాయా? కూర్చోవడంలో, నడవడంలో ఇబ్బంది పడుతున్నాడా? ముంజేతుల మీద గీతలు ఉన్నాయా? బ్లేడుతోనో, పగిలిన టైలు ముక్కతోనో కోసుకోవడం లోపల మామూలైపోతుంది, ఒకడు చేస్తే నలుగురు చేస్తారు. గీతలు కనబడితే తిట్టకండి, అక్కడికక్కడే కౌన్సెలర్‌ని పిలిపించి చూపించండి. జవాబు చెప్పేముందు ఎవరి వైపైనా చూస్తున్నాడా? చూస్తుంటే ఎవరి వైపు?

కేసు గురించి ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో ఆరా తీయకండి. అది లాయరు పని. 'మన పరువు తీశావు' అన్న మాట అసలు వద్దు, ఎంత కోపం ఉన్నా. ఇంటి కబుర్లు చెప్పండి. చెల్లి ఏం చదువుతోంది, తాతయ్య కాలు నొప్పి తగ్గిందా, వాడి సామాన్లు ఎక్కడ జాగ్రత్తగా పెట్టారు. తిరిగి వెళ్ళడానికి ఒక చోటు ఉందని వాడికి తెలియాలి. మీ అక్క వెళ్ళాక ఏడుస్తుందేమోనని ఆవిడని ఆపొద్దు, ఏడిస్తే ఏడవనివ్వండి. పిల్లవాడు తట్టుకుంటాడు. అమ్మ రాకపోవడమే తట్టుకోలేడు. సిగ్గుతో ఇంటివాళ్ళు మొహం చాటేసిన పిల్లలు సాయంత్రం విజిటింగ్ గది కిటికీ దగ్గర తచ్చాడుతూ ఉంటారు, అది చూడలేం. విజిటింగ్ రోజులు, వేళలు ఒక్కో హోమ్‌లో ఒక్కోలా ఉంటాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఖరీదైనవి ఏవీ తీసుకెళ్ళకండి, అవి వాడికి శత్రువుల్ని తెచ్చిపెడతాయి. పండ్లో, బిస్కెట్లో తీసుకెళ్తే నలుగురికి సరిపడా తీసుకెళ్ళండి.

ఏదైనా జరిగిందని తేలితే గేటు దగ్గర గార్డుతో గొడవపడకండి. మీరు వెళ్ళిపోయాక లోపల ఉండేది మీ బాబు. కాగితం మీద పెట్టండి. తేదీ, ఏం చూశారు, వాడు ఏం చెప్పాడు, నాలుగు వాక్యాలు చాలు. బోర్డుకి ఇవ్వండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వైద్య పరీక్ష చేయించమని, బాబుతో విడిగా మాట్లాడమని అడగండి. బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు ఉంటారు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. పిల్లల్ని నెలకోసారైనా హోమ్‌కి వెళ్ళి చూడడం బోర్డు బాధ్యత. అవసరమైతే వేరే చోటికి మార్చమని ఆదేశించగలరు. బోర్డు కాక జిల్లా స్థాయి తనిఖీ కమిటీ ఉంది. కనీసం ముగ్గురు, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి, మూడు నెలలకోసారైనా రావాలి. హోమ్‌లో ఫిర్యాదుల పెట్టె ఉండాలి, పిల్లల కమిటీలు ఉండాలి. తాళంచెవి సూపరింటెండెంట్ దగ్గరే ఉంటే పెట్టెలో ఎవరూ చీటీ వేయరు, అందుకే అది మేనేజ్‌మెంట్ కమిటీ చైర్‌పర్సన్ దగ్గర ఉండాలని నియమం. అత్యవసరమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది.

భయంతోనో బెంగతోనో వాడు పారిపోయి ఇంటికి వస్తే దాచిపెట్టకండి. పారిపోయినందుకు పిల్లల మీద కొత్త కేసు పెట్టకూడదని సెక్షన్ 26 స్పష్టంగా చెబుతోంది. 24 గంటల్లో బోర్డు ముందుకి తీసుకెళ్ళి, ఎందుకు పారిపోయాడో వాడి నోటితోనే చెప్పించండి. ఒక పిల్లవాడు గోడ దూకాడంటే లోపల ఏదో ఉందని బోర్డు అడిగి తెలుసుకోవాలి, చాలాసార్లు అడుగుతుంది కూడా.

ఎన్నాళ్ళు అని అడిగారు. మొదటిసారి బోర్డు ముందు హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించాలి, పొడిగిస్తే మరో రెండు నెలలు. వాడి మీద పెట్టిన సెక్షన్‌కి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు గానీ అంతకంటే తక్కువ గానీ అయితే, ఆ గడువులో తేలకపోతే కేసు అంతటితో ముగిసినట్టే. సెక్షన్ ఏదో లాయరుని అడిగి తెలుసుకోండి, చాలా తేడా పడుతుంది. నేరం చేసినట్టు తేలినా, బోర్డు ఇచ్చే ఆదేశాల్లో మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ మీద ఇంటికి పంపడం లాంటివి ఉంటాయి. స్పెషల్ హోమ్ ఆఖరిది, దానికి మూడేళ్ళు పరిమితి. మీరు భయపడుతున్నట్టు పెద్దవాడిగా లెక్కకట్టి విచారించడం అన్నది కనీసం ఏడేళ్ళ శిక్ష ఉన్న ఘోరమైన నేరాలకే. 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు ఆ 'కనీసం' అన్నదాన్ని తేటతెల్లం చేసింది: గరిష్ఠ శిక్ష ఎంత ఉన్నా, కనీస శిక్ష ఏడేళ్ళని చట్టంలో లేకపోతే అది ఘోరమైన నేరం కిందికి రాదు. మామూలు దొంగతనం దాని కిందికి రాదు. పెద్దవాళ్ళతో కలిపి విచారణ కూడా జరగదు, వాళ్ళ కేసు వాళ్ళ కోర్టులో విడిగా నడుస్తుంది.

వయసు విషయంలో జాగ్రత్త. స్కూలు సర్టిఫికెట్, పదో తరగతి మెమో, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఒరిజినల్స్ మీ దగ్గర పెట్టుకుని బోర్డుకి చూపించండి, కాపీలు ఇవ్వండి.

కేసు ముగిశాక భవిష్యత్తు పాడవుతుందేమోనని మీ అక్కకి బెంగ ఉంటుంది. చట్టం కింద పిల్లవాడిగా విచారణ జరిగినవాడికి ఆ కేసు వల్ల ఏ అనర్హతా రాదు. అప్పీలు గడువు దాటాక ఆ రికార్డు నాశనం చేయాలి. వాడి పేరు, ఫోటో, ఊరు, స్కూలు బయటపెట్టడం నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ. ఊళ్ళో వాట్సాప్ గ్రూపుల్లో వాడి ఫోటో తిరుగుతుంటే స్క్రీన్‌షాట్ తీసి బోర్డుకి ఇవ్వండి. బంధువుల్లో ఎవరైనా పంచుతుంటే మీరే ఆపించండి.

ఈ వారం మీరు చేయాల్సిన పనులు చెబుతాను. రేపే న్యాయసేవాధికార సంస్థకి ఫోన్ చేసి లాయరు ఎవరో తెలుసుకోండి. సెలవు పెట్టుకుని వెళ్ళి ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలవండి, బాబుని మీ ఊరు తీసుకెళ్ళే ప్లాన్ రాసి ఇవ్వండి, అందులో కాలేజీ పేరు, మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వాడిని ఎవరు చూసుకుంటారు అన్నీ ఉండాలి. విజిటింగ్ రోజున మీ అక్కతో కలిసి వెళ్ళండి. ఏ రోజు ఎవరు వెళ్ళాలో ఇంట్లో అందరూ కూర్చుని వంతులు వేసుకోండి, ఒక్క విజిటింగ్ రోజు కూడా ఖాళీ పోకూడదు. బోర్డు ఏమంటుందో చూసి మళ్ళీ రాయండి. బెయిల్ ఆర్డర్ కాపీలో కాదన్న కారణం ఏముందో, ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాస్తే అప్పీలులో ఏం చూపించాలో చెబుతాను.